దండు వచ్చింది, లాభం

మా ఫ్లాట్ల వెనక, కార్లు నిలిపే చోట, గోడకు ఆనుకుని ఒక ముసలి రబ్బరు చెట్టు మిగిలిపోయింది. కౌలాలంపూర్‌లో దాన్ని కొట్టెయ్యడం ఎవరు మరిచిపోయారో తెలియదు. వానలు ముదరకముందు, ఎండ చురుక్కుమనే రోజుల్లో దాని కాయలు టప్పుమని పగులుతాయి. గింజలు ఎగిరొచ్చి కార్ల మీద పడతాయి. కార్లవాళ్ళు విసుక్కుంటారు. నాకు మాత్రం ఆ చప్పుడు వినగానే మెడ దానంతట అదే పైకి లేస్తుంది. శరదృతువు గురించి తెలుగు వాచకాల్లో చదువుకున్నామే గానీ ఈ దేశంలో దాన్ని చూసింది లేదు. మాకు శరత్తు అంటే రబ్బరు కాయ పగలడం, ఉత్తరం నుంచి గద్దలు రావడం. ఆ రెండూ ఒకే కాలంలో జరుగుతాయని నాకు చూపించింది సింహాచలమ్మ టీచరు. నిన్న పొద్దున్న ఆ చప్పుడు మళ్ళీ వినిపించింది. చేతిలో కాఫీ అలాగే ఉండిపోయింది, పాత కోపం మాత్రం లేచి కూర్చుంది. దాన్ని చల్లార్చుకోవాలని నేనెప్పుడూ అనుకోలేదు.

మాది బంటింగ్ దాటాక సముద్రం వైపు వెళ్ళే దారిలో ఒక రబ్బరు తోట. కూలి లైన్లలో సగానికి సగం తెలుగువాళ్ళే, విశాఖపట్నం వైపు నుంచి ఓడల్లో వచ్చినవాళ్ళ సంతానం. మాకొక తెలుగు బడి ఉండేది. రేకుల కప్పు, ఒకే గది, మధ్యలో ఒక తడిక. తడికకు ఇవతల చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించేదాన్ని నేను. అవతల పెద్దపిల్లలకు పాఠం చెప్పేది సింహాచలమ్మ టీచరు. నాకప్పుడు ఇరవై ఏళ్ళుంటాయి, ఆమెకు నలభై లోపు. పొడుగు మనిషి, పెద్ద గొంతు, నుదుట పెద్ద బొట్టు. ఆ బొట్టు గురించి తోటంతా గుసగుసలాడేది. జపానువాళ్ళ కాలంలో ఆమె భర్త అప్పన్నను సయాంలో, అంటే ఇప్పటి థాయ్‌లాండ్‌లో, రైలుదారి వెయ్యడానికి లారీ ఎక్కించారు. అలా వెళ్ళినవాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు. యుద్ధం అయిపోయి, రానివాళ్ళ భార్యలందరూ బొట్టు తీసేశాక కూడా ఆమె తీయలేదు. ఒకరోజు గుడి దగ్గర ఒక పెద్దావిడ ఆ మాట పైకే అనేసింది.

“మా ఆయన పోనాడని నాకెవులు సెప్పినారు?” అని టీచరమ్మ గుడి మెట్ల మీదే నిలబడి అడిగింది. “కాయితం వచ్చినాదా? పేరు సదివినారా? ఎంతమంది ఎల్నారు, ఎంతమంది పోనారు, ఆ లెక్క సెప్పమనండి. అప్పుడు తీస్తాను.”

తోట ఆఫీసులో పెద్ద కిరాణి, అంటే హెడ్ గుమాస్తా, సన్యాసిరావు గారు అక్కడే ఉన్నారు. జపానువాళ్ళ ముందు నిలబడి, లారీ ఎక్కాల్సిన మగవాళ్ళ పేర్లు పిలిచింది ఆయనే. ఆయన కూడా భయపడే పిలిచి ఉంటాడు, కాదనను. కానీ ఆ రోజు చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

తోటకు పడమర, సముద్రం ఒడ్డున, ఒక్కటే కొండ. ఆదివారం పొద్దున్న ఆమె నన్ను అక్కడికి తీసుకెళ్ళేది. సగం ఎత్తులో ఒక బండ ఉంది. దానిమీద వెల్లకిలా పడుకుని ఆకాశం చూడాలి. ఎండ ఎక్కేకొద్దీ ఉత్తరం వైపు చిన్న చిన్న చుక్కలు లేచేవి. దగ్గరికొస్తే గద్దలు. వేడిగాలి పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పైకి, ఇంకా పైకి వెళ్ళి, అక్కడ నుంచి రెక్క ఆడించకుండా ఒకదాని వెనక ఒకటి సుమత్రా వైపు జారిపోయేవి. ఒడ్డు దాకా వచ్చి, నీళ్ళు చూసి, కాసేపు తటపటాయించేవి. తిరుగుతున్నప్పుడు లెక్కపెట్టకూడదు, జారేటప్పుడే పెట్టాలి. పది గద్దలకు ఒక రబ్బరు గింజ చొప్పున ఖాళీ పాలడబ్బాలో వెయ్యాలి. ఇదీ పద్ధతి.

ఆమె లెక్క “ఒకటి”తో మొదలయ్యేది కాదు. వాళ్ళమ్మ ధాన్యం కొలిచేటప్పుడు తొలి కుంచాన్ని “లాభం” అనేదట. లాభం, రెండు, మూడు. మన ఊళ్ళలో కొలతలు అలాగే మొదలవుతాయి. టీచరమ్మ గద్దల్ని కూడా అలాగే కొలిచేది. ఇక గుంపుగా వచ్చే దేన్నయినా మావాళ్ళు దండు అనేవారు. మిడతల దండు, కోతుల దండు, గెద్దల దండు. ఆ కాలంలో బడి పిల్లలు ఆమె కనబడితే చాలు, “దండొచ్చినాదా టీచరమ్మా?” అని అరిచేవారు. “వచ్చినాది! లాభం!” అని ఆమె అంతకంటే గట్టిగా అరిచేది. అది మా బడి పలకరింపు అయిపోయింది.

ఒకసారి మెడ నొప్పి పుట్టి నేను, “సుమారుగా ఓ ఎనభై ఉంటాయి లెండి” అన్నాను. ఆమె లేచి కూర్చుంది.

“సుమారంటే ఏటే పైడీ?”

“అంటే, అటూ ఇటూగా...”

“సయాంలో కూడా అలగే సెప్తన్నారు కదే, సుమారుగా ఇన్ని వేలమంది అని. సుమారుగా సచ్చిపోతారేటి మనుసులు? ఒకడూ ఒకడూ కదా సచ్చిపోతాడు. అటు ఎల్నోళ్ళని ఎవులూ లెక్కెట్టలేదు. అటునించి వచ్చినోటినైనా నాను సరిగ్గా లెక్కెడతాను. మళ్ళీ సూడు.”

మళ్ళీ చూశాను. ఆ గద్దలు సయాంలోవి కావని, సైబీరియా నుంచీ జపాను నుంచీ వస్తాయని చాలా ఏళ్ళకు తెలిసింది. కాకపోతే సయాం మీదుగానే వస్తాయి. ఆమెకు ఆ మాత్రం చాలు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నా నోట సుమారు అనే మాట రాలేదు.

తర్వాత ఎమర్జెన్సీ వచ్చింది. ఇండియాలో వచ్చినది కాదు, దానికి చాలా ముందు మలయాలో తెల్లవాళ్ళు పెట్టింది. అడవిలో కమ్యూనిస్టులు, తోటల చుట్టూ ముళ్ళకంచె. గేటు దగ్గర మగవాళ్ళనీ ఆడవాళ్ళనీ తడిమి చూసి బయటికి వదిలేవారు. అడవిలోవాళ్ళకు తిండి అందకూడదని వండిన అన్నం కూడా గేటు దాటనిచ్చేవారు కాదు. దుకాణంలో పాలడబ్బా కొంటే అక్కడే చిల్లు పెట్టి ఇచ్చేవారు. ఎవరు ఎవరి మీద ఏం చెబుతారో తెలియక, మనుషులు పలకరించుకోవడం కూడా తగ్గించేశారు. టీచరమ్మ తగ్గించలేదు. ఖాళీ డబ్బా గేటు దగ్గర బోర్లించి చూపించి, నన్ను వెంటబెట్టుకుని కొండకు వెళ్ళేది. వద్దని ఎవరూ అనలేదు. అని ఉంటే మానేసేదేమో, అలా చెప్పేవాళ్ళయినా ఉండాలి కదా.

ఒక సోమవారం పిల్లలు కంచె లోపలి నుంచి ఎప్పటిలాగే అడిగారు. పొద్దున్నే పనిమీద బయటికెళ్ళి వస్తున్న ఆమె గేటు బయట నుంచే, “దండొచ్చినాది! లాభం!” అని కేకేసింది. గేటు దగ్గర కొత్తగా వచ్చిన మఫ్టీ పోలీసు ఒకడున్నాడు. మధ్యాహ్నానికల్లా బడికి జీపు వచ్చింది. మేజా సొరుగు లాగి పాలడబ్బా పట్టుకున్నారు. అందులో రబ్బరు గింజలు. తినడానికి పనికిరాని గింజలు డబ్బాలో ఎందుకు దాచావని మలాయ్ భాషలో అడిగారు. గద్దలు, అని ఆమె చెప్పింది. వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పిల్లలు చూస్తుండగా ఆమెను జీపు ఎక్కించారు. “రెండో ఎక్కం అప్పసెప్పించు పైడీ, నాను సాయంత్రానికి వచ్చేస్తాను” అని ఆమె నాకు చెప్పి వెళ్ళింది.

స్టేషను ఏ ఊరిదో చెప్పను. ఇప్పుడక్కడ పనిచేసేవాళ్ళకు ఈ పాపంతో సంబంధం లేదు. మర్నాడు నన్నూ పిలిచారు. తెల్ల ఆఫీసరు, పక్కన దుబాసి. తమిళ తండ్రికీ తెలుగు తల్లికీ పుట్టినవాడు, నా ఈడువాడే. ఇంట్లో అమ్మతో మాట్లాడే నాలుగు తెలుగు ముక్కలే వాడి పెట్టుబడి. వాడు ఇంగ్లీషులో రాసిచ్చింది ఆఫీసరు చదివాడు. “సైన్యం వచ్చింది. మనకు లాభం.” నేను ఇంగ్లీషు కొద్దోగొప్పో చదువుకున్నదాన్ని. నా చెవులను నేనే నమ్మలేకపోయాను. అది గద్దల గుంపు అని, లాభం అంటే ఒకటి అని ఎంత మొత్తుకున్నా, నువ్వు ఆమె మనిషివి, ఊరుకో అన్నాడు ఆఫీసరు.

నేను దుబాసి వైపు తిరిగి తెలుగులోనే అడిగాను. “దండంటే ఏటో ఆవిడ్ని ఒక్క మాట అడిగినావా?”

“మా అమ్మ కతల్లో రాజు దండుతో వస్తాడు అక్కా. దండంటే పడై కదా. నాకు అంతే తెల్సు లా” అన్నాడు వాడు, తమిళంలో సైన్యాన్ని ఏమంటారో చెప్పి, ఈ దేశంలో అందరూ మాట చివర తగిలించే ‘లా’ తగిలించి.

వాడికి తెలియకపోవడం తప్పు కాదు. తెలియని మాటను తెలిసినట్టు రాసెయ్యడం తప్పు. కానీ వాడి మీద కోపం నాకు తర్వాత్తర్వాత తగ్గింది. తగ్గనిది సన్యాసిరావు గారి మీద.

తెలుగు బాగా వచ్చిన పెద్దమనిషి ఎవరైనా ఉన్నారా అని ఆఫీసరు అడిగితే, తోట నడిపే తెల్లదొర తన పెద్ద కిరాణిని పంపాడు. ఇస్త్రీ చొక్కా, నుదుట విభూతి. ఉగాదికి గుడిలో పద్యాలు చదివి, అర్థం విడమరిచి చెప్పే మనిషి. ఆయన్ని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక టీచరమ్మ సాయంత్రానికి ఇంటికొచ్చేస్తుందనుకున్నాను. ఆఫీసరు ఆ కాగితం చూపించి, అనువాదం సరైనదేనా అని అడిగాడు. సన్యాసిరావు గారు కళ్ళద్దాలు పెట్టుకుని చదివారు. నా వైపు చూడలేదు.

“మాటకు మాట సరిపోయిందండి. దండు అంటే సైన్యం. లాభం అంటే లాభమే” అన్నారు.

ఒక్క అక్షరం అబద్ధం లేదు. నిఘంటువు తీసి చూడండి, అలాగే ఉంటుంది. బడి పిల్లల కేకలు ఆయన ఆఫీసు కిటికీలోంచి రోజూ వినేవాడు. గెద్దల దండు అని తానూ అన్నవాడే. అది కూడా చెప్పమని నేను బతిమాలాను. “నన్ను అడిగినదానికి చెప్పానమ్మా, ఎక్కువ మాట్లాడితే నాకూ ఇబ్బందే” అని తెలుగులో అనేసి వెళ్ళిపోయాడు. ఆ ఇబ్బంది ఏమిటో నాకు తెలుసు. గుడి మెట్ల మీద అడిగిన ప్రశ్న ఆయనకు ఇంకా గుర్తుంది.

ఆ మర్నాడు నేను పొద్దున్నే వెళ్ళి స్టేషను వరండాలో కూర్చున్నాను. ఎండెక్కింది. స్టేషను పెరట్లో, జెండా కర్ర నెత్తిన, ఎక్కడో ఎత్తున ఒక చుక్క తిరగడం కనిపించింది. తర్వాత పది, తర్వాత ఆకాశం నిండా. నేను కాపలావాణ్ణి తోసుకుని లోపలికి పోయి, “సర్, సైన్యం వచ్చింది, వచ్చి చూడండి” అని ఇంగ్లీషులో అరిచాను. ఆఫీసరు చెయ్యి తుపాకీ మీద వేసుకుని బయటికి పరిగెత్తుకొచ్చాడు. నేను పైకి చూపించాను. అతను టోపీ తీసి చాలాసేపు చూశాడు. నేను జారే గద్దల్ని గట్టిగా లెక్కపెట్టాను. లాభం, రెండు, మూడు. లోపల కటకటాల వెనక నుంచి టీచరమ్మ గొంతు, “జారినోటినే లెక్కెట్టు పైడీ, తిరిగినోటిని వొద్దు!” అంది. దుబాసి ఆ మాటను తర్జుమా చేశాడు. ఆఫీసరు నవ్వాడు. నిజంగానే నవ్వాడు.

“నిన్ను నమ్ముతున్నాను. కానీ కాగితం పైకి వెళ్ళిపోయింది. ఇక నా చేతిలో లేదు” అన్నాడు.

ఇన్నేళ్ళుగా నేను నమలలేక మింగలేక ఉన్నది ఈ ఒక్క ముక్కే. పొరపాటని ఆఫీసరుకు తెలుసు, దుబాసికి తెలుసు, కిరాణికి మొదటి నుంచీ తెలుసు. దిద్దాల్సిన చోట మాత్రం ఎవరూ లేరు. కాగితం తప్పని చెప్పడానికి ఇంకో కాగితం పంపితే చెయ్యి విరిగిపోతుందా? ఆమెను నిర్బంధ శిబిరానికి పంపారు. విచారణ లేదు, కోర్టు లేదు. రెండు గద్దల కాలాలు ఆమె లేకుండా గడిచాయి. నేను ప్రతి ఆదివారం కొండకు వెళ్దామనుకునేదాన్ని, కానీ దాన్ని అప్పటికే మూసేశారు. పెద్ద టీచరు లేదని చెప్పి బడి కూడా మూసి, పిల్లల్ని తమిళ బడిలో కలిపేశారు. తమిళం మీద నాకు కోపం లేదు, సగం మా చుట్టాలు తమిళులే. ఆ పిల్లల మనవలు ఇవాళ నేను తెలుగులో మాట్లాడితే అర్థం చేసుకుని తమిళంలో జవాబిస్తారు. తెలుగు అంతరించిపోతోందని సభలు పెట్టి బాధపడేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అది దానంతట అది పోలేదు, ఒక సోమవారం మధ్యాహ్నం జీపు ఎక్కించి పంపించారు.

ఆమెను వదిలిపెట్టారు గానీ తోటలోకి రానివ్వలేదు, ఎక్కడా పాఠం చెప్పనివ్వలేదు. బంటింగ్‌లో ఒక దుకాణం మేడ మీద గది తీసుకుని జాకెట్లు కుట్టేది. బొట్టు అలాగే ఉంది. నేను వెళ్ళినప్పుడల్లా బాగానే మాట్లాడేది, కాకపోతే మెల్లగా. ఆ పెద్ద గొంతు ఏమైందని అడగడానికి నాకు నోరు రాలేదు.

మెర్డెకా, అంటే ఈ దేశానికి స్వాతంత్ర్యం, వచ్చింది. జెండా మారింది. మా తోట మైదానంలో కూడా పండగ చేశారు. తెలుగువాళ్ళ తరఫున వేదిక మీద సన్యాసిరావు గారు. కష్టాలుపడిన పెద్దలకు సన్మానమని టీచరమ్మను కూడా పిలిపించారు. ఆమె నాతో వచ్చింది. ఆయన దండ పట్టుకుని ముందుకొచ్చి, “జరిగిందేదో జరిగింది టీచరుగారూ, ఇప్పుడు మన రాజ్యం” అన్నాడు.

“మంచిది బాబూ” అంది ఆమె. “దండంటే ఏటో ఒకపాలి ఆ మైకులో సెప్పండి. మరేటీ వొద్దు.”

“పండగపూట అవన్నీ ఎందుకమ్మా” అని ఆయన నవ్వాడు. వేదిక మీద పెద్దలు కూడా నవ్వారు. ఆమె దండ అందుకుని, మడిచి, ఖాళీ కుర్చీ మీద పెట్టి దిగిపోయింది. కింద కూర్చున్న తెలుగువాళ్ళలో ఆ మాట తెలియనివాళ్ళు ఒక్కరూ లేరు. ఒక్కరూ లేవలేదు. తర్వాతెప్పుడో ఇపోలో ఒక హాల్లో సన్యాసిరావు గారి పటానికి పూలదండ చూశాను. దీపం పెట్టమని నన్ను పిలిచారు. పెట్టలేదు.

మెర్డెకా వచ్చిన ఆ ఏడే, రబ్బరు కాయలు పగిలే వేళకు కొండ మళ్ళీ తెరిచారు. ఆమె రానంది. నేను బలవంతంగా బస్సు ఎక్కించాను. బండ మీద పడుకున్నాం. ఉత్తరాన చుక్కలు లేచాయి. ఆమె లేచి కూర్చుని దారి వైపు ఒకసారి వెనక్కి చూసింది. తర్వాత నా చెవిలో, “గెద్దలు వస్తన్నాయి” అంది. దండు అనలేదు. మొదటిది సముద్రం వైపు జారింది. ఆమె గింజ వేళ్ళ మధ్య పట్టుకుని పెదవులు కదిపింది.

“ఒకటి.”

ఆ ఒక్క మాటకు నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చేశాయి. మనిషిని తిరిగి ఇచ్చారు గానీ ఆమె నోట్లో మాట లాగేసుకున్నారు. వాళ్ళమ్మ ఓడెక్కి తెచ్చుకున్న మాట అది. నేను బండ మీద నిలబడి, తోటకీ స్టేషనుకీ ఆ సన్యాసిరావుకీ వినబడాలని అరిచాను. “దండొచ్చినాది! లాభం!”

ఆమె నా నోటి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది. కొండ కింద ఎవరూ రాలేదు. రెండో గద్ద జారింది. ఆమె మెల్లగా చెయ్యి తీసేసింది.

“రెండు” అంది, కాస్త గట్టిగానే.

తర్వాత నేను కోర్టులో దుబాసినయ్యాను. రిటైరయ్యేదాకా అదే పని. తెలుగు మనిషో తమిళ మనిషో బోనెక్కి ఏదైనా మాట అంటే, అది నాకు తెలిసిన మాటే అయినా ఆపి, “ఈ మాటతో మీరేం చెప్పదలిచారు?” అని అడిగేదాన్ని. ఒక జడ్జి విసుక్కుని, అర్థం చెబితే చాలమ్మా అన్నారు. అర్థం చెప్పిన పాపానికే మా టీచరు జైలుకెళ్ళిందండి, అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టి, అడగండి అన్నారు.

టీచరమ్మ బొట్టుతోనే పోయింది. సయాం లెక్క ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. పుస్తకాల్లో ఇంకా సుమారుగానే ఉంది.

నిన్న కాయ పగిలాక బాల్కనీలోకి వెళ్ళాను. మెడ సహకరించలేదు, కుర్చీ వెనక్కి వాల్చుకున్నాను. ఎత్తయిన మేడల మధ్య మిగిలిన కాస్త ఆకాశంలో అవి వచ్చాయి. “దండొచ్చినాది! లాభం!” అని అరిచాను. పైఅంతస్తు చైనావిడ కిటికీ తెరిచి, “ఆంటీ, ఏమైంది లా?” అని కంగారుగా అడిగింది. ఏమీ లేదు, లెక్కపెడుతున్నానన్నాను. ఆమె కిటికీ మూసుకుంది. ఇంకోటి జారింది. పక్కన “రెండు” అనేవాళ్ళు లేరు. అందుకని అది కూడా నేనే అన్నాను, గట్టిగా.